ఐదు నిమిషాల్లో బాదం పాలు

ఇంట్లో బాదం పాలు చేసుకోవడం ఐదు నిమిషాల పని అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. చెప్పేవాళ్ల చేతులు ఒకసారి చూడండి. పొడిగా ఉంటాయి.

తడి చేతుల కథ వేరు. ముందురోజు రాత్రే బాదం నానబోయాలి. ఎనిమిది గంటలు నానాక పొద్దున ఆ నీళ్లు పారబోసి తొక్కలు తీయాలి. వంద గ్రాములంటే దాదాపు ఎనభై గింజలు. బాగా నానిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే సర్రున జారి ఫ్రిజ్ కిందికి పోతుంది. సరిగా నాననిది తొక్క వదలదు, గోరు సందులో గుచ్చుకుంటుంది. తర్వాత ముప్పావు లీటరు నీళ్లతో మిక్సీ పట్టాలి. జారు నిండా పోస్తే మూత సందులోంచి చిమ్ముతుంది కాబట్టి రెండు వాయిలు. అప్పుడు పల్చటి గుడ్డలో పోసి పిండాలి. మొదటి గ్లాసు దానంతటదే దిగుతుంది, మిగతాది దిగదు. గుడ్డను మెలితిప్పి పిండుతుంటే పాలు గిన్నెలోకి సగం, మోచేతి మీదుగా చీరకుచ్చిళ్లలోకి సగం. ఆపైన బ్లేడు కింద అంటుకున్న ముద్ద గీకాలి. గుడ్డ వెంటనే ఉతకాలి, సాయంత్రానికి మర్చిపోయారా, వంటింట్లో నిలబడలేరు. ఇంత చేసినా ఆ పాలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉండవు. మళ్లీ నానబోయడమే.

ఇందులో ఐదు నిమిషాలు ఎక్కడున్నాయా అని వెతికాను. ఉన్నాయి. గాజు సీసా పక్కన నాలుగు గింజలు చల్లి, కిటికీ వెలుతురులో ఫొటో తీసుకుని, ఓ గుక్క తాగడానికి సరిగ్గా ఐదు నిమిషాలు చాలు.

పాలు అరగనివాళ్లతోనూ, దూడ నోటి దగ్గరి పాలు మనకెందుకని మానేసినవాళ్లతోనూ నాకు పేచీ లేదు. వాళ్ల కడుపు, వాళ్ల మనసు. నా పేచీ ఇంకొకరితో. పాలు బాగా అరిగేవాళ్లు, నిన్నటిదాకా స్ట్రాంగ్ టీ తాగినవాళ్లు, హఠాత్తుగా ఒక సీసా చేతబట్టి ‘మేం బయటివేవీ కొనం అండీ, అన్నీ మొదట్నుంచీ ఇంట్లోనే చేసుకుంటాం’ అంటారే, వాళ్లతో. హైదరాబాద్‌లో ఏ కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో పన్నెండో అంతస్తులో నిలబడి, సాదాసీదాగా బతకడం గురించి మనకు క్లాసు తీసుకుంటారే, వాళ్లతో.

ఇంట్లోనే చేసుకుంటారు, నిజమే. చేసేది ఎవరు? ఏడింటికి వచ్చే పనావిడ. ‘అమ్మా, ఇవాళ కూడా బాదమేనా?’ అని ఆవిడ అడిగే తీరులోనే ఆ ఇంటి ఆరోగ్య ప్రణాళిక మొత్తం అర్థమవుతుంది. నాలుగిళ్లలో అంట్లు తోమే ఆవిడకు ఈ ఎనభై తొక్కలు అదనపు పని. జీతంలో ఆ పద్దు మాత్రం ఎక్కడా కనబడదు.

ఇదేం కొత్త సంగతి కాదు, ఆరు వందల ఏళ్ల నాటిది. మధ్యయుగాల్లో యూరప్‌లో క్రైస్తవ ఉపవాస దినాల్లో మాంసంతో పాటు పాలు, వెన్న కూడా నిషిద్ధం. దాంతో కలిగినవాళ్ల వంటిళ్లలో బాదం పాలు రాజ్యమేలాయి. ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు 1390 ప్రాంతంలో కూర్చిన ‘ద ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ తిరగేస్తే వంటకం తర్వాత వంటకం బాదం పాలతోనే. బాదం ఇంగ్లండ్ పంట కాదు, దక్షిణ దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. మిక్సీలు లేవు, రోలూ రోకలీ. ఉపవాసం రాజుగారిది, రెక్కల నొప్పి వంట కుర్రాడిది. దూరదేశపు గింజ, పక్కవాడి చేతులు, సొంత నిగ్రహం: ఈ మూడూ కలిస్తేనే బాదం పాలు. అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి రిచర్డ్ ఎవరికీ నీతులు చెప్పలేకపోయాడు.

ఇక ‘మొదట్నుంచీ’ అనే ముచ్చట. ప్రపంచంలో పండే బాదంలో ఎనభై శాతం దాకా ఒక్క కాలిఫోర్నియా నుంచే వస్తుంది. అక్కడినుంచి అందరికంటే ఎక్కువ కొనేది మన దేశమే. సెంట్రల్ వ్యాలీలో పండిన గింజ పసిఫిక్ దాటి, మన రేవులో దిగి, ఏదో గోడౌన్‌లో కూర్చుని, ప్యాకెట్‌లో పడి, డెలివరీ కుర్రాడి బండెక్కి లిఫ్టులో పైకొస్తే, అక్కడ మన మొదలు మొదలవుతుంది. అదే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న మనవాళ్లయితే కాస్త నయం, తోటలు కారులో రెండు గంటల దూరమే. కాకపోతే వాళ్లు ‘రా ఆల్మండ్స్’ అని మురిసిపోయేవి కూడా పచ్చివి కావు. సాల్మొనెల్లా రెండుసార్లు రచ్చ చేశాక, 2007 నుంచి అక్కడ అమ్మే కాలిఫోర్నియా బాదాన్ని ఆవిరితోనో రసాయన వాయువుతోనో శుద్ధి చేసి తీరాలని రూలు పెట్టారు.

తేనె కూడా ముట్టనంత నిష్ఠగా ఉండేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. బాదం పూత ఫిబ్రవరిలో. ఆ పూత కాయ కావాలంటే తేనెటీగలు కావాలి, ఉన్న ఊరి ఈగలు చాలవు. అందుకని ఏటా అమెరికా నలుమూలల నుంచి లారీల మీద పెట్టెలకు పెట్టెలు తోలుకొస్తారు. ఆ దేశంలో వ్యాపారానికి పెంచే తేనెటీగల్లో సగానికి పైగా ఆ నెలలో కాలిఫోర్నియా తోటల్లోనే ఉంటాయి. తేనె తీసుకోవడం హింస అయితే, ఈగను లారీ ఎక్కించి రెండు వేల మైళ్లు తిప్పడం బహుశా తీర్థయాత్ర.

నీళ్ల దగ్గర మాత్రం న్యాయం మాట్లాడుకోవాలి. ఒక్క బాదం గింజకు నాలుగు లీటర్ల నీళ్లని ఓ లెక్క బాగా తిరిగింది, అంతకంటే ఎక్కువేనని తర్వాతి లెక్కలు చెప్పాయి. నాలుగే అనుకున్నా మన ఎనభై గింజలకు 320 లీటర్లు. ఇది చూపించి బాదాన్ని తిట్టేవాళ్లు దాచేదేమిటంటే, ఆవు పాలు అంతకంటే ఎక్కువ తాగుతాయి. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు ‘సైన్స్’ పత్రికలో వేసిన లెక్కల ప్రకారం లీటరుకు లీటరు పోలిస్తే ఆవు పాలదే పెద్ద పద్దు, బాదానిది దాని తర్వాత, సోయా పాలది వీటి పక్కన పెడితే గుక్కెడు. నీళ్ల మీద అంత ప్రేమే ఉంటే సోయా నానబోయొచ్చు. కానీ సోయా గింజ ఫొటోలో బాగుండదు, వాసన కూడా ఓ రకం.

‘కల్తీ భయం సార్’ అంటారు. ఈ ఒక్కమాట దగ్గర నేను తగ్గుతాను. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 93 శాతం తాగడానికి పనికొస్తాయని తేలింది. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. కాకపోతే ఆ పన్నెండులో తొమ్మిది తెలంగాణవి. హైదరాబాద్ మనిషి భయపడ్డాడంటే తప్పుపట్టలేం. అదే సర్వేలో యూరియా కంటే ఎక్కువగా కంగారుపెట్టింది అఫ్లాటాక్సిన్, ఆరు శాతానికి దగ్గరగా నమూనాల్లో కనబడింది. బూజుపట్టిన దాణా పశువు తింటే ఆ విషం పాలలోకి దిగుతుంది. ఆ బూజు పప్పుగింజలకూ పడుతుంది. తేమ తగిలిన పల్లీకి, బాదానికి, పిస్తాకు దాని బెడద ఉంది కాబట్టే ఎగుమతుల దగ్గర దానికోసం పరీక్షలు చేస్తారు. పాల ప్యాకెట్‌ను అనుమానంగా చూసే కళ్లు డ్రైఫ్రూట్స్ డబ్బాను మాత్రం గుళ్లో తీర్థంలా అందుకుంటాయి.

సరే, ఆరోగ్యం. నాకు అసలైన వినోదం ఇక్కడే. వంద గ్రాముల బాదంలో ప్రొటీన్ 21 గ్రాములు, పీచు పన్నెండు గ్రాములు. మంచి ఆహారం, ఎవరూ కాదనరు. దీన్ని మనవాళ్లేం చేస్తారు? నీళ్లలో కలిపి, గుడ్డలో పిండి, నీళ్లు ఉంచుకుని బాదం పక్కన పెడతారు. పీచు దాదాపు మొత్తం ఆ పిప్పిలోనే ఉండిపోతుంది, ప్రొటీన్‌లోనూ కొంత దానికే పోతుంది. వచ్చిన ముప్పావు లీటరులో ఒక గ్లాసు వాటా 33 గ్రాముల బాదం. ఆ గింజలే నేరుగా నమిలి ఉంటే ఏడు గ్రాముల ప్రొటీన్ పిప్పితో సహా కడుపులోకే పోయేది, మిక్సీ కడిగే పనీ తప్పేది. పైగా గ్లాసుడు మామూలు పాలలో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే దీనిలో వందకు తక్కువే. దుకాణంలో దొరికే డబ్బాలో కాల్షియం విడిగా కలుపుతారు, ఇంట్లో కలిపే దిక్కు లేదు.

వాళ్లు పారేయరు కదా, ఆ పిప్పి సంగతేమిటి అంటారా? పారేయరు, అదే బాధ. పిప్పి ఫ్రీజర్‌లో చేరుతుంది. డబ్బా మీద తేదీ రాస్తారు. దానితో లడ్డూ చేయొచ్చని, రొట్టె పిండిలో కలపొచ్చని, ఆరబెట్టి పొడి కొట్టొచ్చని, ఏమీ కాకపోతే మొహానికి నలుగు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. మొదటి వారం లడ్డూ అవుతుంది. నోట్లో వేసుకుంటే రంపపు పొట్టు. పిల్లలు ఒకటి కొరికి మిగతాది సోఫా సందులో దాస్తారు. రెండో వారం దోసెల పిండిలో కలిపితే దోసె పెనం వదలదు. మూడో వారం నుంచి డబ్బాలు పేరుకుంటాయి, ఐస్‌క్రీమ్‌కు చోటుండదు. ఓ నెల తిరిగేసరికి ఆ ఇంటి పెద్దాయన మలబద్ధకమని మందుల షాపులో ఇసబ్‌గోల్ కొంటుంటాడు. పీచు కోసం! ఇంట్లో ఫ్రీజర్ నిండా పీచు గడ్డకట్టి ఉంది.

కాఫీ దగ్గరికి రండి. మరిగే డికాక్షన్‌లో ఈ పాలు పోసి చూడండి. పులుపుకూ వేడికీ కలిపి విరుగుతాయి, తెల్లటి తునకలు పైకి తేలతాయి. గిన్నెడు డికాక్షన్ పాడైన ఇంట్లో ఉదయం ఎలా గడుస్తుందో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. బెజవాడలోనో గుంటూరులోనో వేసవిలో బాదం పాల బండివాడికి ఇవన్నీ ఏనాడో తెలుసు. చిక్కటి గేదె పాలు మరగకాచి, అందులో బాదం ముద్ద, చిటికెడు కుంకుమపువ్వు వేసి, చల్లార్చి ఇస్తాడు. బాదాన్ని పాలలో వేశాడు కానీ పాల ఉద్యోగం బాదానికి ఇవ్వలేదు.

పాలు మానేసి పప్పుగింజల మీద బతకాలని మనకంటే ముందే, మనకంటే గట్టిగా ప్రయత్నించిన ఒకాయన ఉన్నాడు. గాంధీజీ 1912లో పాలు మానేశారు. ఆవుల్నీ గేదెల్నీ పిండే తీరులోని క్రూరత్వం తెలిశాకే ఆ వ్రతం పట్టారు. 1918లో ఖేడాలో సైన్యంలోకి జనాన్ని చేర్చే పనిలో తిరుగుతూ పల్లీల ముద్ద, నిమ్మకాయలు తిని గడిపి, రక్త విరేచనాలతో మంచం పట్టారు. పెసర నీళ్లు తాగమని ఒకరు, ఇప్పనూనె అని ఒకరు, బాదం పాలని ఒకరు సలహా ఇచ్చారట. అవన్నీ ప్రయోగించి ఒళ్లు గుల్ల చేసుకున్నానే తప్ప మంచం దిగలేదని ఆత్మకథలో తనే రాసుకున్నారు. చివరికి కస్తూర్బా మాట మీద మేక పాలు పుచ్చుకున్నారు. వ్రతంలో అక్షరం నిలిచింది, ఆత్మ పోయిందని కూడా ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు కొండాపూర్‌లో దొరకదు.

ఇంతకీ పప్పుగింజ పాలే కావాలంటే మన అనంతపురం పల్లీ ఏం పాపం చేసింది? కిలో ధర బాదం కంటే ఎంతో తక్కువ, వంద గ్రాములకు 25 గ్రాముల ప్రొటీన్, తేలిగ్గా నానుతుంది. పాల కొరత రోజుల్లో మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు పల్లీ ప్రొటీన్‌ను గేదె పాలతో కలిపి ‘మిల్‌టోన్’ అని తయారు చేసి చూపించారు కూడా. ఈ మాట కొండాపూర్‌లో ఓ బాదం పాల పెద్దమనిషికి చెబితే మొహం చిట్లించాడు. ‘పల్లీలా? చట్నీకి సరే గానీ...’ అని ఆగాడు. ఆ ఆగిన చోట ధర చీటీ కనబడింది. సాదాసీదా బతుకు తొమ్మిది వందల కిలోది అయితేనే సాదాసీదాగా ఉంటుంది.

ఆ పెద్దమనిషి ఇంట్లోనే ఓ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను. ముద్దపప్పు, ఆవకాయ, దొండకాయ వేపుడు. చివర్లో గిన్నెలో పెరుగు వచ్చింది. గరిటె దించితే గాటు పడి నిలబడేంత గడ్డపెరుగు, పైన వేలు మందాన మీగడ. బాదం పాలతో అలాంటి పెరుగు తోడుకోవడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. ‘ఇది...?’ అన్నాను.

‘అబ్బే, గేదె పాలేనండీ. ఊళ్లోంచి తెప్పిస్తాం. పెరుగు వేరు కదా మాస్టారూ’ అంటూ ఆయన రెండో గరిటె వడ్డించుకున్నాడు.