ఆంగ్లేయ భట్టుమూర్తి

లండన్‌కు పడమటి వైపు, రైలెక్కితే అరగంటలో చేరే ఊళ్లలో గాజుగోడల ఆఫీసులు బోలెడున్నాయి. వాటిలో మన గుంటూరు, వరంగల్లు, విజయవాడ పిల్లలు పనిచేస్తుంటారు. వాళ్ల పైన ఒక ఆంగ్లేయుడుంటాడు. యాభై దాటిన వయసు, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, చేతిలో ఎప్పుడూ ఒక టీ కప్పు. గొంతు పెంచడు, చెయ్యి ఊపడు, ఎవరినీ కాదనడు. కాదనక తప్పని పరిస్థితి వస్తే ముందు ఔననేసి, ఆ తర్వాత తీరిగ్గా 'బట్' అంటాడు.

ఆయనకు నేను పెట్టుకున్న పేరు భట్టుమూర్తి. వసుచరిత్ర రాసిన రామరాజభూషణుడికి ఆ పేరుంది కదా. భట్టుల వృత్తి రాజుగారిని పొగడటం. ఈయనా ముందు పొగుడుతాడు. పైగా ఆ రామరాజభూషణుడు హరిశ్చంద్ర నలోపాఖ్యానంలో ఒకే పద్యంలో హరిశ్చంద్రుడి కథనూ నలుడి కథనూ నడిపించాడు. ఈయన మామూలు మాటల్లోనే ఆ పని చేస్తాడు. వినేవాడికి ఒక కథ, చెప్పేవాడికి ఇంకో కథ. ఒక్క యతి తప్పదు.

భట్టుమూర్తి దినచర్య వాతావరణంతో మొదలవుతుంది. బస్టాపులో పక్కవాడితో, 'చలిగానే ఉంది, బట్ వాన లేదు' అంటాడు. వాన పడితే, 'తడుస్తున్నాం, బట్ గాలి లేదు' అంటాడు. చలీ, వానా, గాలీ మూడూ కలిసి వస్తే కాసేపు ఆలోచించి, 'తోటకు మంచిది, దో' అంటాడు. దో అంటే మాట చివర తగిలించే 'అయినా'. అరుదుగా ఆకాశం నీలంగా విచ్చుకుని ఎండ కాస్తే ఆయనకు దిగులు. 'బాగుంది, బట్ రేపటికి ఉండదు.'

గుంటూరు కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. రాత్రుళ్లు మేలుకుని యాభై పేజీల డిజైను డాక్యుమెంటు రాశాడు. భట్టుమూర్తి దాన్ని శ్రద్ధగా తిరగేసి, 'చాలా ఆసక్తికరంగా ఉంది. ఎంతో కష్టపడ్డావు. బట్ వీలైతే ఇంకోసారి చూస్తే బాగుంటుందేమోనని నాకు కొంచెం అనిపిస్తోంది' అన్నాడు. కుర్రాడు ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి మేనేజరు తన పనిని ఆకాశానికెత్తేశాడని చెప్పాడు. వాళ్లమ్మ ఆ కబురు అపార్టుమెంటు అయిదంతస్తులకూ చేరవేసింది. మర్నాడు ఆఫీసులో పాతకాపు ఒకడు పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, పొగడ్త సంగతి వదిలెయ్. బట్ తర్వాత ఏమన్నాడు?"

"ఇంకోసారి చూస్తే బాగుంటుందేమోనని..."

"అంటే మొత్తం చింపి మళ్లీ రాయమని."

"మరి కష్టపడ్డావన్నాడు కదన్నా!"

"పడ్డావుగా!"

మన దగ్గర మునగచెట్టు ఎక్కించేవాళ్లు ఎక్కించి ఊరుకుంటారు. కొమ్మ ఎప్పుడు విరిగేదీ మన అదృష్టాన్ని బట్టి ఉంటుంది. భట్టుమూర్తి అలా అదృష్టానికి వదలడు. ఎక్కించేటప్పుడే కొడవలి వెంట తెచ్చుకుంటాడు.

అలాగని ఆయన అబద్ధాలాడతాడని అనుకోవడం పాపం. ఆయన చేసేదల్లా వాక్యంలో ఏది ముందు, ఏది వెనక అని సర్దడమే. ఉద్యోగానికి వచ్చిన ఒకామె గురించి, 'నెమ్మదే, బట్ జాగ్రత్త గల మనిషి' అన్నాడంటే సోమవారం ఆమెకు కుర్చీ సిద్ధం. 'జాగ్రత్త గల మనిషే, బట్ నెమ్మది' అన్నాడంటే ఇంటికి వందనాల ఉత్తరం సిద్ధం. గుణం అదే, దోషం అదే. బట్‌కు అటు ఉన్నది పోతుంది, ఇటు ఉన్నది నిలుస్తుంది. ఇంత చిన్న మాట మీద ఇంతమంది జీతాలు ఆధారపడి ఉన్నాయని మన కళాశాలల్లో ఎవరూ చెప్పరు.

కొంచెం జాలి కలిగినప్పుడు 'ఆల్దో' వాడతాడు. తెలుగులో మనం 'నెమ్మదిగా చేసినా' అన్నామంటే ఆ ఒప్పుకోలు క్రియ చివరి దీర్ఘంలో తెలుస్తుంది. ఆయన వాక్యం మొదట్లోనే ఆల్దో అని హెచ్చరిక పలకను నిలబెడతాడు: ఇప్పుడు చెప్పబోయేదాన్ని పెద్దగా పట్టించుకోకండి, అసలు సంగతి వెనక వస్తోందని. మన పిల్లలకు ఒకటి చాలదు. 'ఆల్దో ఇట్ ఈజ్ లేట్, బట్ వి విల్ ఫినిష్' అని రెండూ బిగిస్తారు. అది వినగానే భట్టుమూర్తి కనుబొమ్మ ఒకటి పావు అంగుళం లేస్తుంది. 'నీ ఇంగ్లిష్ అద్భుతం, బట్...' అని ఆగిపోతాడు. ఆ ఆగిన చోట వ్యాకరణమంతా ఉంది.

ఇక 'నో అఫెన్స్, బట్' అన్నాడంటే నొప్పి బయల్దేరిందనే అర్థం. 'ఐయామ్ నాట్ బీయింగ్ ఫన్నీ, బట్' అన్నాడంటే నవ్వొచ్చేదేమీ లేదు, ఎవరి మీదో ఫిర్యాదు ఉంది. అన్నిటికన్నా భయపడాల్సింది గౌరవానికి. ఇంగ్లండు కోర్టుల్లో లాయర్లు జడ్జీతో విభేదించాలంటే 'విత్ రెస్పెక్ట్' అంటారు. విభేదం ముదిరితే 'విత్ గ్రేట్ రెస్పెక్ట్'. 'విత్ ది గ్రేటెస్ట్ రెస్పెక్ట్' దాకా వెళ్లిందంటే, తమరికి ఈ కేసులో ఒక్క ముక్కా అర్థం కాలేదు మహాప్రభో అని. మన హైకోర్టుల్లోనూ ఈ మర్యాద ఇంకా వినిపిస్తుంటుంది. దొరలు వెళ్లినా గౌరవాన్ని వదిలివెళ్లారు.

భట్టుమూర్తికి వాదించడానికి ఎదుటి మనిషి అక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి కర్రీ హౌసుకు వెళ్తారు. ఒక ముద్ద తిని, 'అద్భుతం' అంటాడు. క్షణం ఆగి, 'కాస్త కారం, దో.' మళ్లీ ఆలోచించి, 'మైండ్ యూ, కారం లేకపోతే కూర ఎందుకు?' చెమట తుడుచుకుని, 'హావింగ్ సెడ్ దట్, ఆ మంచినీళ్లు ఇటు జరుపుతారా?' పూర్వపక్షం, సిద్ధాంతం, మళ్లీ పూర్వపక్షం, మంచినీళ్లు. మన తార్కికులకు ఇద్దరు కావలసిన పని ఆయన ఒక్కడే, ఒక్క కూరతో పూర్తి చేస్తాడు.

ఇది ఆయన సొంత ప్రతిభ అనుకోకూడదు, వంశం అలాంటిది. షేక్స్‌పియర్ ఆంటోనీ, సీజరు శవం పక్కన నిలబడి బ్రూటస్ గౌరవనీయుడు, గౌరవనీయుడు అంటూనే జనాన్ని ఆ గౌరవనీయుడి కొంప మీదికి ఉసిగొల్పాడు. ఇంకా దగ్గరి బంధువు 1895లో పంచ్ పత్రికలో కనిపిస్తాడు. జార్జ్ డు మోరియే వేసిన కార్టూను అది. బిషప్పుగారింట్లో ఫలహారానికి కూర్చున్న చిన్న పాదిరికి కుళ్లిన గుడ్డు వచ్చింది. బిషప్పు అది గమనించి అయ్యో అంటే, పాదిరి కంగారుపడి, లేదండీ, ఇందులో కొన్ని భాగాలు బ్రహ్మాండంగా ఉన్నాయని హామీ ఇచ్చాడు. అప్పటినుంచి మంచీ చెడూ కలిసిన దేన్నయినా ఇంగ్లిష్‌లో పాదిరి గుడ్డు అనడం అలవాటైంది. గుడ్డు కుళ్లితే మొత్తం కుళ్లుతుందన్న సంగతి ఆ దేశంలో ఎవరూ ఎత్తరు. ఎత్తినా, బట్ అనే ఎత్తుతారు.

బడిలో ఆయనకు వాక్యాన్ని బట్‌తో మొదలుపెట్టకూడదని నేర్పారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో బట్‌తో మొదలయ్యే వాక్యాలు కొల్లలు. దేవుడికి చెల్లింది కానీ ఆయనకు చెల్లలేదు. అందుకని కాగితం మీద బట్‌కు కోటు తొడిగి 'హౌవెవర్' అని, పక్కన ఒక కామా పెట్టి కూర్చోబెడతాడు. వీధిలో చెత్త తీయలేదని కౌన్సిలుకు రాసే ఉత్తరంలో మొదటి పేరా అంతా సిబ్బంది కష్టాల మీద సానుభూతే. రెండో పేరా హౌవెవర్. ఆ కామా దగ్గర కౌన్సిలు గుమాస్తా ఒకసారి ఊపిరి పీల్చుకుంటాడు.

మనమేం తక్కువ తినలేదు. సంబంధం ఇష్టం లేకపోతే, 'అబ్బాయి బంగారం, కానీ జాతకాలు కుదర్లేదండీ' అని నేరాన్ని కుజుడి మీదికి తోసేస్తాం. భట్టుమూర్తి గ్రహాల జోలికి పోడు. 'బహుశా నాకే సరిగా అర్థం కాలేదేమో, బట్' అని నేరం తన నెత్తినే వేసుకుంటాడు. ఆ సౌజన్యానికి కరిగి మనం సంతకం పెట్టేస్తాం. కిందికి చూస్తే, ఒప్పుకున్నది మనం.

ఈ విద్య చెల్లనిది ఇంట్లోనే. భార్య కొత్త గౌను వేసుకుని ఎలా ఉందంటే, 'చాలా బాగుంది' అన్నాడు ఒకసారి. ఆమె ఎదురుచూసింది. ఏమీ రాలేదు. 'బట్?' అని ఆమే అడిగింది. ఏమీ లేదన్నాడు. ఆమె వెళ్లి గౌను మార్చుకుంది.

అంతటివాడికీ ఒకనాడు తగినవాడు తగిలాడు. కంపెనీ పనిమీద గుంటూరు కుర్రాణ్ని వెంటబెట్టుకుని గ్లాస్గో వెళ్లాడు. గంటసేపు ప్రజెంటేషన్ ఇచ్చాడు. చివర్లో అక్కడి పెద్దమనిషి చెయ్యి కలిపి, 'బాగా చెప్పారు, బట్' అని వెళ్లిపోయాడు. భట్టుమూర్తి నిలబడిపోయాడు. బట్ తర్వాతది వినాలి కదా. కారిడార్ దాకా వెళ్లి చూశాడు. ఆ మనిషి లిఫ్టెక్కేశాడు. గ్లాస్గోలో బట్‌ను వాక్యం చివర పెట్టేసి ఊరుకుంటారు. లండన్‌వాడు దో అనే చోట వాళ్లు బట్ అంటారు, అంతే.

తిరుగు రైల్లో ఆయన టీ ముట్టలేదు. ప్రెస్టన్ దాటాక కుర్రాడికి జాలేసింది.

"బట్ తర్వాత ఏమీ లేదు సర్. అక్కడివాళ్ల యాసే అంతట. మీరు నిజంగానే బాగా చెప్పారట."

భట్టుమూర్తి కిటికీలోంచి తల తిప్పి, "ఆల్దో నువ్వు మంచి మనసుతో చెబుతున్నావు, బట్ ఆయన ఉద్దేశం అది కాదనుకుంటా, దో" అన్నాడు.

ఒకే వాక్యంలో మూడు. కుర్రాడి కనుబొమ్మ పావు అంగుళం లేచింది. కానీ ఏమీ అనలేదు. మర్యాద నేర్చాడు మరి.