వ్యాఖ్యాత గ్రామమున తోలుకోటు

మల్లినాథసూరి యింటిపేరగు కోలాచలమే మా యూరు కుల్చారమని పెద్దలు చెప్పుదురు. కాళిదాసకావ్యములకు సంజీవని యను వ్యాఖ్య వ్రాసిన ఆ మహానుభావుడు, మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ముందుగనే మాట యిచ్చుకొనెను. ఆ నియమము నా మెడకు చుట్టుకొనుటకు కారణము, మా మేనల్లుడు హైదరాబాదునుండి తెచ్చియిచ్చిన విమానచోదకుల తోలుకోటు.

1931లో అమెరికా సైనిక వైమానికదళము ఏ-2 అను పేర స్వీకరించిన కోటునకు అది నకలు. అసలువి చాలమట్టుకు గుఱ్ఱపుతోలువి. రెండవ ప్రపంచయుద్ధమున ఆ దళపు కుఱ్ఱవాండ్రు వాని వీపులపై విమానము పేరును, ఒక సుందరిని, దండయాత్రకొక చిన్నబాంబు చొప్పున వరుసలను వ్రాయించుకొనిరి. ఇంగ్లండునుండి యెగిరిన బాంబరువారికి తొలుత ఇరువదియైదు నిండినచో ఇంటికి సెలవు. చైనా, బర్మాల మీద నెగిరినవారిలో పలువురు మాత్రము, తాము కూలినచోట ఊరివారు కాపాడవలెనని వేడుకొను విన్నపమును చైనాజెండాతో సహా కోటునకు కుట్టించుకొనిరి. వీరత్వముకంటె ఈ వివేకమే నాకు నచ్చినది.

"మామా, నువ్వు గూడ ఎన్క బొమ్మ ఏయించుకో" అని అల్లుడు పట్టుపట్టగా, మెదకులో లారీల వెనుక పులులను వ్రాయు పెయింటరు నాశ్రయించితిని.

"బాంబులు ఎన్ని ఏయాలె సారూ?" అని అతడడిగెను.

ఆకాశమెక్కి యెఱుగని నాకు మూలమెక్కడిది? అయినను, భూముల లెక్కయగు పహాణీలో మా నాయనపేరు దిద్దించుటకై ఒకానొక కార్యాలయముపైకి నేను వెడలిన దండయాత్రలు అప్పటికి పదునొకండు. కావున బాంబులకు బదులు పదునొకండు రబ్బరుస్టాంపులు వ్రాయుమంటిని. మల్లినాథుడును తప్పుపట్టజాలడు.

తోలుమీది మెఱుగుపూతను ముందు తుడిచివైచి, వంగినను పగులని రంగును పలుచగా, ఒక పొర ఆరినపిమ్మట మఱియొక పొరగా వేయవలెనని తరువాత తెలిసినది. మా చిత్రకారుడు లారీల ఎనామెలునే ఉదారముగా పట్టించెను. లారీ వంగదు, పహాణీ పనిమీద పోయినవాని వీపు వంగును. నడియెండలో, చెమటలు కాలువలుగట్టుచుండ, ఆ కోటు తొడిగి పండ్రెండవ దండయాత్రకు పోయి అధికారికి వంగి నమస్కరింపగా, నాలుగు స్టాంపులు పెళపెళమని అచటనే రాలిపోయెను.

ఇప్పుడు వీపున ఏడు మిగిలినవి. పహాణీలో మా నాయనపేరు ఇంకను తప్పుగనే యున్నది.