పనికి సెలవు చీటీ

రావులపాలెం అరటి యార్డులో తెల్లారగట్ట నుంచే పరిశోధన మొదలవుతుంది. సైకిల్ మీదో ఆటోలోనో దిగిన కర్పూరం గెలను కొనేవాడు పైనుంచి కిందికి ఒక్క చూపు చూస్తాడు. రెండో చూపు రైతు మొహం మీద పడుతుంది. గెల ఇవాళే అమ్ముకోక తప్పదని అక్కడ రాసి ఉంటుంది కాబట్టి ధర పలికేస్తాడు. ఇలాంటి చూపు మీద విదేశాల్లో పీహెచ్‌డీలు ఇస్తారని మావాళ్లకు తెలియదు. తెలిస్తే కమిషన్ పెంచేవాళ్లు.

ఈ మధ్య అక్కడే ఒక రైతుగారు నవ్వుతూ కనబడ్డారు. ధర బాగుందేమో అనుకున్నా.

"ధరకేముందండీ, ఎప్పుడూ ఉండేదే. ఉపాధి పనికి అరవై రోజులు సెలవంటండి ఇక. ఆయ్!" అన్నారు.

నిజమే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీని 2025 డిసెంబరులో పార్లమెంటు పక్కన పెట్టి, దాని స్థానంలో వీబీ-జీ రామ్ జీ చట్టం తెచ్చింది. పేరు పూర్తిగా పలికేలోపు ఒక పనిదినం గడిచిపోతుంది. వంద రోజులు 125 అయ్యాయి, ఖర్చులో నలభై శాతం రాష్ట్రం నెత్తిన పడింది, నాట్లు, కోతల వేళ మొత్తం అరవై రోజులు పని పెట్టకూడదన్నారు.

ఉపాధి పని మీద రైతుల గోడు మనకి పాత ముచ్చటే. 2011 సార్వాకు కోనసీమ రైతులు లక్ష ఎకరాలకు అటూ ఇటూగా నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. అప్పుడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. అది గిట్టుబాటు కాదన్నారు. మురుగు కాలువలు పూడిపోయాయన్నారు, ధాన్యం కొనే నాథుడు లేడన్నారు. ఉపాధి పని వల్ల కూలీలు దొరకడం లేదనీ అన్నారు. సర్కారు మోహన్ కందా గారి కమిటీ వేసింది, నివేదికా వచ్చింది. 2022లో మళ్లీ విరామం మాట వినబడింది కాబట్టి ఆ నివేదిక ఎంత శ్రద్ధగా చదివారో ఊహించుకోవచ్చు.

2011 గోలకు ఏడాది ముందే కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తాంకర్ అనే ముగ్గురు అర్థశాస్త్రవేత్తలు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఓ లాటరీ వేశారు. ఉపాధి కూలి డబ్బు వేలిముద్రల స్మార్ట్‌కార్డు మీద ఏ మండలాలకు ముందు ఇవ్వాలి, ఏ మండలాలకు తర్వాత ఇవ్వాలి అని. 157 మండలాలు, కోటీ తొంభై లక్షల జనం. కార్డు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. ఇది 2016లో అచ్చయింది.

అసలు ముచ్చట 2023లో 'ఎకనామెట్రికా' పత్రికలో వచ్చింది. సర్కారు ఖర్చు పెరగకుండానే పేద ఇళ్ల సంపాదన 14 శాతం పెరిగింది. అందులో చాలా భాగం ఉపాధి పని నుంచి కాదు, రైతుల పొలాల్లోనూ ఇతర ప్రైవేటు పనుల్లోనూ వచ్చింది. కూలి రేటు పెరిగింది. అంతవరకు మన రైతుల భయం నిజమే. కానీ రేటు పెరిగాక పని తగ్గలేదు, పెరిగింది! భూములు కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో మరీ పెరిగింది. అంటే అక్కడ అప్పటిదాకా కూలి తక్కువగా ఉన్నది మనుషులు ఎక్కువై కాదు, అడిగే దిక్కు లేక. యార్డులో గెలను చూసే చూపే, చేలో కూలిమనిషి మీదా పడుతుందన్నమాట.

ఆ చూపుకు బలైన రైతుగారికి రెండో చోట అది కనబడదు. ఆయన్ని తప్పుపట్టలేం. కౌలు కట్టి, ఎరువు కొని, గోదారికి ఎంతో కొంత సమర్పించుకునేవాడికి కూలి రేటే కంటికి ఆనుతుంది. తప్పుపట్టాల్సింది గెలలోంచి తనకు నచ్చిన హస్తం కోసుకుపోయే ప్రభుత్వాన్ని. పరిశోధనలో 'రేటు పెరిగింది' దగ్గర చదవడం ఆపేసింది. 2011 కోరికల చిట్టాలో మద్దతు ధర, కాలువలు, కొనుగోళ్లు అన్నీ దాటేసి, ఖజానాకు పైసా ఖర్చు లేని ఒక్కదాన్ని పట్టుకుంది. ఆ ఖర్చు భరించే కూలీ ఏ కమిటీలోనూ లేడు గదా.

ఇక ఆ అరవై రోజులు ఎప్పుడన్నది రాష్ట్రం ప్రకటించాలి. కోనసీమలో ఇది తేలే వ్యవహారమేనా? సార్వా నాట్లు, కోతలు, దాళ్వా నాట్లు, కోతలు. మధ్యలో కొబ్బరి దింపులు ఏడాది పొడుగునా. అరటి గెలకు పంచాంగం లేదు. దింపు సంఘం, గెల సంఘం, రొయ్య సంఘం తలో అరవై రోజులు అడిగితే కూలికి మిగిలేది సంక్రాంతి మూడు రోజులు. అప్పుడు ఎవరూ పని చెయ్యరు.

ఒక్కో ప్రాంతానికి ఒక్కో తేదీ పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. నా సలహా ఏమిటంటే, తేదీలు మండలాలకు లాటరీలో తియ్యండి. సెలవు వల్ల పంట పెరిగిందో, కూలి తరిగిందో నికరంగా తెలిసిపోతుంది. క్రితంసారి లాటరీ తీసింది 2010లో, చివరి లెక్క అచ్చయింది 2023లో. ఈసారీ అంతే పట్టినా, దాన్ని చదవకుండా పక్కన పెట్టడానికి ఓ కమిటీ అప్పటికి సిద్ధంగానే ఉంటుంది.