ఉప్పు తగినంత, ఎంపిక యథావిధి

మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఆ పైసలు మున్సిపాలిటీ చెయ్యి దాటి గ్రంథాలయ సంస్థకు చేరడం వేరే పురాణం. చేరిన కాస్తతో వంటల పుస్తకాలు ఎలా కొంటారన్నదే ఇవాళ్టి ముచ్చట.

ఎంపిక కమిటీ మహా నిక్కచ్చిది. పేజీలెన్ని, అట్ట గట్టిదేనా, ధరెంత, కమీషనెంత, అన్నీ చూస్తుంది. అందులో రాసినట్టు చేస్తే కూర అవుతుందా అన్నదొక్కటే చూడదు. పెళ్లిచూపులకెళ్లి పెళ్లికొడుకుని వదిలేసి ఇంటి గుమ్మం కొలుచుకొచ్చినట్టుంటుంది వ్యవహారం.

అలా కొన్న పుస్తకమొకటి తిరగేశాను. గుత్తి వంకాయ కూర. కావలసినవాటిలో కొబ్బరికోరు ఉంది. తయారుచేసే విధానం అడుగు దాకా వెతికినా ఆ కొబ్బరి మూకుట్లో పడలేదు. కాయలు ఎంతసేపు మగ్గాలో లేదు. ‘తగినంత’ మాత్రం ప్రతి పేజీలోనూ ఉంది. ఎంత తగునో తెలిసినావిడకి పుస్తకమెందుకు? ఎదుటి పేజీలో పనసపొట్టు కూర, దాని కింద పనీర్ ఫొటో! అట్ట మాత్రం నిగనిగలాడుతోంది.

డ్యూయీ వర్గీకరణలో వంటకి 641.5 అని చక్కటి చోటుంది. మనవాళ్లు దాన్ని మహిళా విభాగంలో ముగ్గుల పుస్తకాల పక్కన సర్దేస్తారు. నలుడూ భీముడూ మగవాళ్లేనన్న సంగతి పురాణాల బీరువాలో ఉంది. దాని తాళంచెవి అటెండరు దగ్గరుంది. అటెండరు సెలవు.

అసలు వినోదం పాత పుస్తకాల ఏరివేతలో చూడాలి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ ఏ లైబ్రరీలోనైనా కొత్తగా మెరుస్తుంటే ఆ ఊరిని అనుమానించాలి. పసుపు వేళ్ల ముద్రలు, నూనె మరకలు, ఓ కొలత పక్కన ఎవరో ఇల్లాలు పెన్సిలుతో చేసిన సవరణ... ఇంతకన్నా సిఫారసు ఏం కావాలి? కానీ రిజిస్టరులో దానికి ‘శిథిలం’ అని రాసి మూల పడేస్తారు. ఒక్కసారీ గడప దాటని పనీర్ పుస్తకానికి ‘మంచి స్థితి’ అని కితాబు. పుస్తకాలున్నది వాడుకోడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే మొదటి సూత్రం రాసిపెట్టారు. వాడినదాన్ని పారేయమని ఆయన ఎన్నో సూత్రంలో చెప్పారో కమిటీవారే సెలవివ్వాలి.

నేనడిగేది ఒక్క చిన్న సవరణ. జాబితాలోని పుస్తకాలు చూసి సభ్యులు తలో వంటకం స్వహస్తాలతో చేసుకురావాలి. సంతకాలు పెట్టే రోజు మధ్యాహ్నం అందరూ దాన్నే భోంచెయ్యాలి. ఆ పూట హోటల్ నుంచి క్యారియర్ తెప్పించుకోడానికి వీల్లేదు.