రోడ్డు నడుమ ఇనుపకంచె నాటించిన దొరవారికి

మహారాజరాజశ్రీ రహదారుల అధికారివారి దివ్యసముఖమునకు, తార్నాక వాస్తవ్యుడొకడు సవినయముగా సమర్పించుకొను బహిరంగ లేఖ.

గతవారము అర్ధరాత్రివేళ, ఊరంతయు నిద్రించుచుండగా, తమరు మా వీధిమొగనున్న డివైడరు సందును నిలువెత్తు ఇనుపచువ్వలతో మూయించి, పాదచారులను ప్రమాదములనుండి కాపాడిన మహోపకారమునకు కృతజ్ఞతలు తెలుపుకొందమని కలము పట్టితిని గాని, పాలపాకెట్టుకై బయలుదేరి, హబ్సీగూడ వైపు చాలదూరము పోయి, అచట వాహనముల నడుమ ప్రాణములరచేత బట్టుకొని దాటి, మరల అంత దూరమును వెనుకకు నడచునప్పటికి ఆ కృతజ్ఞత కాస్తా ఆవిరైపోయినది. అయ్యా, దాటుటకు దారియే లేకుండ జేయుట రక్షణ యెట్లగును? ఈ లెక్కన అన్నము మాన్పించి అజీర్ణము కుదుర్చవచ్చును!

మెట్రో స్టేషను మెట్లెక్కి ఆవల దిగరాదా అని తమ సిబ్బందిలో ఒకరు సెలవిచ్చిరి. 2017 నవంబరులో ఆ రైలు నాగోలునుండి అమీర్‌పేటదాకా నడచిననాడు మేమును సంతోషించినవారమే. అయినను అరలీటరు పాలకొరకు అంతెత్తెక్కి అంతెత్తు దిగుమనుట, ఆర్టీసీ ఆసుపత్రికి మోకాళ్ళ మందులకై వచ్చు ముసలి కండక్టరుతో అనదగిన మాటయేనా? మెట్టుగూడ, హబ్సీగూడ, లాలాపేట, విశ్వవిద్యాలయము అను నాలుగు దారులు కలియు మా కూడలిని కొన్నేండ్లు మూసి, బండ్లన్నిటిని యూటర్నులకు తరిమి, 2025లో ప్రయోగముగా మరల తెరచిరి. చక్రములకు తెరచినారు, సరే. కాళ్ళు చేసిన నేరమేమి?

మూడవనాటికే ఎవరో పుణ్యాత్ముడు రెండు చువ్వలు వంచెను. విద్యార్థులు ముందు పుస్తకాల సంచిని ఆవలికి జార్చి, పిదప ఊపిరి బిగబట్టి పక్కవాటుగా దూరిపోవుచుండిరి. ఆకుకూరల అవ్వ గంప దించి, తోటకూర కట్టలను ఒక్కొక్కటిగా చువ్వలసందున ఆవలి పిల్లవానికి అందించి, ఖాళీ గంపను పైనుండి జారవిడిచి, తీరా తాను దూరబోవునప్పటికి కొంగు వంకరచువ్వకు తగులుకొని జానెడు చిరిగినది. ఆ రాత్రియే తమవారు వచ్చి వెల్డింగు చేసిపోయిరి. ఒక్క రాత్రి! మా వీధిలో డ్రైనేజీ మూత విరిగి వానకాలము వచ్చి పోయినది. అందులో తుమ్మకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టినది మేము.

ఎదుటనే ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. 1918లో వెలసిన ఆ విద్యాలయమునకు భవనములు కట్టదలచి నిజాము ప్రభుత్వము సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అను ఇరువురిని దేశదేశముల విశ్వవిద్యాలయములు చూచి రండని పంపగా, బెల్జియము వాస్తుశిల్పి జాస్పరు ఆ పనికి కుదిరెను. ఆర్ట్స్ కాలేజీ భవనము 1939లో ప్రారంభమైనది. కట్టడమునకు ముందు భూగోళము చుట్టి వచ్చిన ఊరిలో, కంచెకు ముందు రోడ్డు దాటి ఆవలిపక్క చూచి రాదగినవాడు తమ ఆఫీసులో ఒక్కడు లేకపోయెనా?

కంచె పడినది గదా, అద్దెలైనను తగ్గునేమో యనుకొంటిమి. "మెట్రోకు రెండడుగులే కదండీ" అని మా ఇంటాయన నెలకు వెయ్యి పెంచెను; ఆ రెండడుగుల నడుమ తమ చువ్వలున్నమాట ఆయన లెక్కకు రాదు. జామచెట్లున్న పాత ఇండ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంటుకు పోవుచున్నవి. పెండ్లికాని పిల్లలు వేలాదిగా చదువు విశ్వవిద్యాలయమునకు కూతవేటులో "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అని బోర్డులు. ఏండ్ల తరబడి గ్రూప్స్ పరీక్షలకు కుస్తీపట్టు కుర్రవాండ్రకు ప్లైవుడ్ గోడల గదిలో మూడు మంచములు. గది ఈవల, మెస్సు ఆవల! దీనిని సెంటరు అభివృద్ధి యనుటకు నోరెట్లు వచ్చినదో తమకే యెరుక. కంచెకు పూర్వము ఆవలి బడ్డీకొట్టు చెంత టీ త్రాగుచు వీధి తగవులన్నియు తీర్చుకొనువారము. ఇప్పుడు ఫోనులో పోట్లాడుకొనుచున్నాము, ఒక్కటియు తెగుటలేదు.

దొరా, వెటకారము మాని అడుగుచున్నాను. కంచె మొత్తము పెరికింపనక్కరలేదు. ఒక మనిషి, ఒక గంప పట్టునంత సందు విడిపించుడు. సిగ్నలుకు సొమ్ము లేదందురా, ఉదయము సాయంకాలము ఒక హోంగార్డును నిలబెట్టుడు. అదియును కాదన్నచో ఆ వెల్డింగు కుర్రవానినే మరియొకమారు పంపుడు. రెండు చువ్వలు కోసిపోవును. వాని కూలి మేమిచ్చుకొందుము.

ఇట్లు,
తార్నాక నివాసి