మూడు గంటల్లో ముగిసిన సమీక్ష

2016లో అట్లాంటాలో జరగాల్సిన అణుభౌతిక శాస్త్ర సదస్సుకు ఐరిస్ పియర్ పేరుతో ఓ పత్రం చేరింది. పంపింది న్యూజిలాండ్‌లోని ఓ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టోఫ్ బార్ట్‌నెక్. అణుభౌతికం ఆయన సబ్జెక్టు కాదు. ఫోన్లో ‘అటామిక్’, ‘న్యూక్లియర్’ అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఫోనే సూచించిన మాటలను నొక్కుకుంటూ పోయారు. అర్థంపర్థం లేని ఆ రాతకు మూడు గంటల్లో ఆమోదం వచ్చింది. వెనకాలే 1,099 డాలర్లు కట్టమన్న కబురూ వచ్చింది.

ఆ సదస్సు పెట్టింది, పరిశోధన పత్రికలు అచ్చేసే మన హైదరాబాద్ ఓమిక్స్ సంస్థకు చెందిన కాన్ఫరెన్స్ సిరీస్. ఇంత వేగంగా చదివే పండితులు మనకున్నారని తెలుగువాళ్లం పొంగిపోవాలేమో!

కొత్తకోట దిక్కున మేకను కొనేవాడు సైతం నోరు తెరిపించి పళ్లు చూశాకే బేరమాడతాడు. పీర్ రివ్యూ అంటే అదే: అచ్చుకు ముందు ఆ విద్య తెలిసిన తోటివాళ్లు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం. ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో వేసిన కేసు సారాంశం, బేరం ముందే కుదిరిందని, పళ్లు మాత్రం ఎవరూ చూడలేదని. సంపాదకులుగా ఒప్పుకోనివాళ్ల పేర్లు వాడుకున్నారని, ఫీజు సంగతి పత్రం చేతికి చిక్కాక చెప్పారని, వెనక్కి తీసుకుంటామన్నా వదల్లేదని ఆరోపణ. తాము సక్రమంగానే చేస్తున్నామని సంస్థ వాదించింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, 5.01 కోట్ల డాలర్లు కట్టమంది.

ఇలాంటి పత్రికల జాబితా రాసినందుకు కొలరాడో లైబ్రేరియన్ జెఫ్రీ బీల్‌ను 2013లో ఇదే సంస్థ వంద కోట్ల డాలర్ల దావా వేస్తామని బెదిరించింది. పరిశోధనలకు దొరకని శ్రద్ధంతా ఆ నోటీసుకు దొరికినట్టుంది.

ఒక్క ఓమిక్స్‌నే ఆడిపోసుకుంటే అన్యాయం. 2013లోనే విలేకరి జాన్ బొహానన్, లైకెన్‌లోని పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందంటూ కావాలని తప్పులు కుక్కిన పత్రాన్ని 304 పత్రికలకు పంపితే, 157 పత్రికలు కళ్లకద్దుకున్నాయి. వాటిలో భారత్‌వి 64. వద్దన్న భారతీయ పత్రికలు 15 మాత్రమే.

గిరాకీ లేనిదే అంగడి పెరగదు కదా! మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పై మెట్టెక్కాలంటే పేపర్లుండాలి. పొద్దంతా ఓపీ, రాత్రి డ్యూటీ; పరిశోధనకు ల్యాబూ లేదు, తీరికా లేదు. కాబట్టి పేపరు కొనుక్కోవడమే సులువు. ఆ పేపరును కమిటీ లెక్కపెడుతుంది, చదవదు. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. అన్నాళ్లూ వాటిని అందులో ఎవరు పెట్టారన్నది మాత్రం అడగకూడదు!

ఈసారి వనపర్తిలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏ మందు డబ్బా మీదైనా ‘అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురితం’ అని కనబడితే, అచ్చుకు ఎంత కట్టారో, ఎన్ని రోజుల్లో ఒప్పుకున్నారో అడగండి.