కొసరెవరికి?

పెద్దవాళ్లకు కొనడం రాదని ఇప్పుడు ఇంటింటా తీర్మానం జరిగిపోయింది. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని 1999లో పెట్టిన రైతుబజారుకు పొద్దున్నే వెళ్లి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగి, మళ్లీ మొదటి కొట్టుకే వచ్చి అరకిలో బెండకాయలు కొనే పెద్దాయన్ను చూస్తే పిల్లలకు జాలి. ఒక్కో కాయ కొన విరిచి చూస్తాడాయన. టప్పున విరిగితే లేత, సాగిందా ముదురు. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి నీళ్ల చప్పుడు వింటాడు. కాటా మీద అంకె నిలిచేదాకా సంచి తెరవడు. ఇదంతా చాదస్తమట! ఎవరో ఏరి పంపిన కూరల్ని కంటితోనైనా చూడకుండా డబ్బు కట్టేయడం మాత్రం తెలివట.

ఆ తెలివి ఎంత ఖరీదైందో సర్కారుకూ తెలిసొచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయల్ని నిషేధిస్తూ కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చింది. అడక్కుండానే బుట్టలో ఓ వస్తువు చేర్చడం, లేని తొందర పుట్టించడం, రుసుముల్ని దాచి చివర్లో బయటపెట్టడం అందులో ఉన్నవే. పెద్దాయన వంకాయలు కొని, కరివేపాకు రెబ్బ కొసరు వేయించుకుని వస్తాడు. పిల్లలేమో హ్యాండ్లింగ్ ఛార్జీ పేరిట అమ్మినవాడికే ఎదురు కొసరు వేస్తారు. అసలు కన్నా కొసరు ముద్దన్న సామెత యాప్‌వాళ్లకే బాగా ఒంటబట్టింది.

ఆకుకూరలమ్మితో రెండు రూపాయలకు వాదించేవాళ్లు మాల్‌లో నోరెత్తరేం అని అడుగుతారు. న్యాయమైన మాటే. తట్టంతా అమ్మినా నాలుగు రాళ్లు మిగలని మనిషి దగ్గర గీచిగీచి బేరమాడటం సిగ్గుచేటు, వయసు దానికి సాకు కాదు. అయితే గిట్టకపోతే ఆమె 'కుదర్దు, పో బాబాయ్' అనగలదు. యాప్‌లో అటు నుంచి పలికే మనిషే ఉండడు. ఎమ్మార్పీ అన్నది గరిష్ఠ ధరేనని, తగ్గించి అమ్మొచ్చని గుర్తుపెట్టుకుని కిరాణా కొట్టువాణ్ని నిలదీసేదీ ఈ ముసలివాళ్లే. ఇక టైమ్ వృథా అంటారా? డెలివరీ ఉచితమయ్యే మొత్తం చేరడానికి అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్ కోసం తెర మీద వెతికే సేపటిని ఏ ఖాతాలో రాస్తారో చెప్పాలి.

ఈసారి ఆర్డర్ వచ్చాక సరుకుల వెల వదిలేసి, బిల్లులో మిగతా వరుసలు కూడి చూడండి. మీరడగనిది ఏదైనా చేరి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ ఫోను కూడా ఇంట్లో పెద్దాయన చేతికే ఇవ్వండి, తేలేదాకా వదలడు.